ఉక్క రాత్రికి ఊపిరాడే పరుపు

'పడుకోగానే చల్లగా'... 'రాత్రంతా కూల్ కూల్'... వేసవి వస్తే చాలు, పరుపుల దుకాణాల ముందు ఇవే బోర్డులు. జెల్ ఫోమ్, ఐస్ ఫ్యాబ్రిక్, కూల్ టెక్నాలజీ... పేరు ఏదైనా ధర మాత్రం వేలల్లోనే. ఇంతకీ పరుపు మనిషిని చల్లబరుస్తుందా? గోదావరి జిల్లాల ఉక్కపోతలో ఏది పనిచేస్తుంది, ఏది చెయ్యదు? కొనేముందు ఏం చూసుకోవాలి?

రోహిణి కార్తెలో పగటి ఎండను ఎలాగోలా తట్టుకోవచ్చు. చెట్టు నీడ ఉంటుంది, మజ్జిగ ఉంటుంది, మధ్యాహ్నం తలుపులు మూసుకునే అలవాటు ఉంటుంది. తట్టుకోలేనిది రాత్రినే. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, వీపు కింద పరుపు మాత్రం కాలుతున్నట్టే ఉంటుంది. ఓ పక్కకి దొర్లితే అయిదు నిమిషాలు హాయి. మళ్లీ అదే వేడి. అర్ధరాత్రి దాటాక పరుపు వదిలేసి చాప పట్టుకుని గచ్చు మీదికి దిగిపోయే ఇళ్లు కోనసీమలోనూ ఉన్నాయి, రాజమహేంద్రవరంలోనూ ఉన్నాయి.

ఆ అవస్థ చూసే జనం కొత్త పరుపుల వైపు మొగ్గుతున్నారు. పెళ్లిలో అమ్మాయికిచ్చే సామానులో మంచం, పరుపు ఎలాగూ తప్పవు. పెద్దవాళ్లకని పిల్లలు కొనేవీ ఎక్కువే. ఒకసారి కొంటే మళ్లీ ఏళ్ల తరబడి కొనని వస్తువు. అందుకే అసలు సంగతి తెలుసుకోవడం అవసరం.

ఎండ కాదు... ఉక్క!

ఒకపక్క సముద్రం. మరోపక్క గోదావరి పాయలు, కాలువలు, చేపల చెరువులు. డెల్టా గాలిలో తడి ఎప్పుడూ ఎక్కువే. మన ఒళ్లు చల్లబడేది చెమట వల్ల కాదు, ఆ చెమట ఆరడం వల్ల. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు. జిడ్డుగా ఒంటికి అంటుకుని ఉంటుందంతే. హైదరాబాదులో, అనంతపురంలో బ్రహ్మాండంగా పనిచేసే ఎయిర్ కూలర్ కాకినాడ, అమలాపురం, నరసాపురం వచ్చేసరికి చతికిలబడేది అందుకే. నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరచడమే దాని పని. అసలే తడిగాలి, ఇంకా నీరు పట్టదు మరి!

దీనికి తోడు కాంక్రీటు శ్లాబు. పగలంతా తాగిన ఎండను రాత్రంతా గదిలోకి వదులుతూనే ఉంటుంది. పెంకుటిళ్లు, మండువా లోగిళ్లలో పైకెక్కిన వేడిగాలి పెంకుల సందుల్లోంచి బయటికి పోయేది. శ్లాబు ఇంట్లో దానికి దారి లేదు.

రాత్రి వేడిని వాతావరణ శాఖ కూడా ప్రత్యేకంగా లెక్కిస్తుంది. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, రాత్రి కనిష్ఠం మామూలు కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకుమించి ఎక్కువుంటే దాన్ని 'వేడి రాత్రి'గా ప్రకటిస్తుంది. పగలు ఎండదెబ్బ తిన్న ఒంటికి రాత్రయినా తెరిపి దొరక్కపోతే ప్రాణం మీదికొస్తుంది. 2015 మే నెల వడగాలుల్లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. 

ఇది మన బాధే కాదు. 68 దేశాల్లో 47 వేల మందికి పైగా చేతిపట్టీలు నమోదు చేసిన నిద్ర వివరాలను డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరిశీలించారు. రాత్రి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే నిద్ర సగటున 14 నిమిషాలు తగ్గుతోందని 2022లో ప్రకటించారు. పెద్ద వయసు వారిలో, పేద దేశాల వారిలో ఆ నష్టం మరీ ఎక్కువ. పద్నాలుగు నిమిషాలే కదా అనిపించవచ్చు. కానీ అది సగటు. పైగా మనకి అలాంటి రాత్రులు వేసవిలో వరసగా వస్తాయి.

ఒళ్లు చల్లబడితేనే నిద్ర

నిద్రకీ వేడికీ సంబంధం ఏమిటి? సాయంత్రం దాటాక మన శరీరం లోపలి ఉష్ణోగ్రత నెమ్మదిగా తగ్గుతుంది. తెల్లవారుజాముకి దాదాపు ఒక డిగ్రీ పడిపోతుంది. ఆ తగ్గుదలే 'ఇక పడుకో' అని మెదడుకి సంకేతం. లోపలి వేడిని బయటికి పంపడానికి అరిచేతులు, అరికాళ్లలోని రక్తనాళాలు విప్పారతాయి. అక్కడి చర్మం వెచ్చబడుతుంది, లోపల చల్లబడుతుంది. పాదాలు వెచ్చబడిన వాళ్లకి త్వరగా నిద్ర పడుతుందని స్విట్జర్లాండ్ పరిశోధకులు 1999లోనే చూపించారు.

నిద్రపోతున్న మనిషి ఒళ్లు కూడా 70 వాట్ల బల్బు ఇచ్చేంత వేడిని వదులుతూనే ఉంటుంది. ఆ వేడి ఎటో ఒకటు పోవాలి. పైవైపు ఫ్యాను గాలి ఉంది. మరి వీపు వైపు? అక్కడుండేది పరుపు. వేడిని, చెమటను అది దిగనిస్తే సరి. లేకపోతే రెండూ పరుపుకీ వీపుకీ మధ్య పోగుపడతాయి. ఒంటికీ పక్కకీ మధ్య ఉండే గాలి 32 నుంచి 34 డిగ్రీల మధ్య, తేమ 50 శాతం అటూ ఇటూ ఉంటే నిద్ర హాయిగా పడుతుందని నిపుణులు చెబుతారు. మంచి పరుపు చెయ్యాల్సిన పని ఆ గాలిని అలా ఉంచడమే. చలి పుట్టించడం దాని పని కాదు. కరెంటుతోనో, చల్లటి నీళ్లు తిప్పే గొట్టాలతోనో తప్ప ఏ పరుపూ చల్లదనాన్ని తయారుచెయ్యలేదు.

నాపరాయి మాయ

దుకాణంలో 'కూల్' పరుపు మీద అరచెయ్యి పెట్టగానే చల్లగా తగులుతుంది. మాయేం కాదు. ఒకే గదిలో ఉన్న నాపరాయి గచ్చునీ, చెక్క పీటనీ తాకి చూడండి. రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. అయినా గచ్చే చల్లగా అనిపిస్తుంది. అది మన చేతి వేడిని చప్పున లాక్కుంటుంది కాబట్టి. జెల్ పొరలు, ఐస్ ఫ్యాబ్రిక్ పేరుతో వచ్చే నున్నటి గుడ్డలు చేసేదీ ఇదే.

తాకగానే చల్లదనం ఎంతుందో కొలిచే పరీక్ష కూడా ఉంది. గుడ్డ తగిలిన మొదటి క్షణాల్లో చర్మం నుంచి ఎంత వేడి లాగుతుందో అందులో చూస్తారు. అంటే ఆ అంకె చెప్పేది తొలి క్షణాల సంగతి. నాలుగు గంటల తరవాతి సంగతి కాదు. గచ్చు అడుగున బోలెడంత నేల ఉంది కాబట్టి ఎంత వేడినైనా మింగుతుంది. పలచటి జెల్ పొరకి ఆ దమ్ము లేదు. కాసేపటికి అదీ ఒంటితో పాటే వెచ్చబడుతుంది. 

కొబ్బరి నూనె చెప్పే రహస్యం

ఖరీదైన పరుపుల్లో వినిపించే మరో మాట 'ఫేజ్ ఛేంజ్ మెటీరియల్'. పేరుకే కొత్త. సంగతి గోదావరి జిల్లాల ప్రతి ఇంట్లోనూ తెలిసిందే. ధనుర్మాసంలో కొబ్బరి నూనె సీసాలో గడ్డకడుతుంది. కాస్త ఎండలో పెడితే కరుగుతుంది. కొబ్బరి నూనె కరిగేది 24 డిగ్రీల దగ్గర. గడ్డ కరిగేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాక్కుంటుంది. తాను మాత్రం పూర్తిగా కరిగేదాకా వెచ్చబడదు.

పరుపుల్లో నూనెకి బదులు 28-32 డిగ్రీల దగ్గర కరిగే మైనం వాడతారు. దాన్ని కంటికి కనిపించనంత చిన్న గుళికల్లో నింపి పై గుడ్డకో, ఫోమ్‌కో పట్టిస్తారు. 1980ల్లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం, వ్యోమగాముల చేతితొడుగుల్లో వాడాలని చేసిన పరిశోధనల నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఒళ్లు వెచ్చబడితే మైనం కరిగి వేడిని పట్టుకుంటుంది. చల్లబడితే గడ్డకట్టి ఆ వేడిని తిరిగిస్తుంది. ఆలోచన మంచిదే.

చిక్కంతా లెక్కలో ఉంది. కిలో మైనం పూర్తిగా కరగడానికి సుమారు 200 కిలోజౌళ్ల వేడి చాలు. నిద్రపోయే మనిషి ఒక్క గంటలో విడుదల చేసే వేడే 250 కిలోజౌళ్లు. అందులో నాలుగో వంతే వీపు కిందికి చేరుతుందనుకున్నా మూడు గంటలకి కిలో మైనం కరిగిపోతుంది. మనిషి పడుకునే మేరకు పరుపులో ఉండే మైనం సాధారణంగా అంతకంటే చాలా తక్కువ.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి. మే నెల రాత్రి, శ్లాబు కింద, ఏసీ లేని గది. ఉష్ణోగ్రత 31 డిగ్రీలో 32 డిగ్రీలో ఉంటుంది. 29 డిగ్రీలకి కరిగే మైనం అక్కడ మనిషి పడుకోకముందే కరిగిపోయి ఉంటుంది. వేసవిలో కొబ్బరి నూనె సీసా చూడండి, గడ్డ ఎక్కడైనా కనిపిస్తుందా? ఇదీ అంతే. గదిలో ఏసీ ఉంటే ఈ మైనానికి మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటుంది, కొంత హాయి దొరుకుతుంది. ఏసీ లేని ఇంట్లో చల్లదనం చాలా అవసరమైన రాత్రే అది చేతులెత్తేస్తుంది. దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు. పైగా చాలా షోరూముల్లో ఏసీ ఉంటుంది. అక్కడ చూసిన చల్లదనం ఇంట్లో కనపడదు.

మెత్తదనానికి మూల్యం

చెయ్యి అదిమి తీస్తే గుర్తు కాసేపు అలాగే ఉండే మెమరీ ఫోమ్ కూడా నాసా పుణ్యమే. 1966లో విమాన సీట్ల కోసం రూపొందించారు. ఒంటి వేడికి అది మెత్తబడి, ఒంటి ఆకారానికి సర్దుకుంటుంది. కీళ్లు ఒరుసుకునే చోట బరువు పడకుండా చేస్తుంది. అది మంచి గుణమే. కానీ ఒళ్లు అందులోకి దిగిపోవడం వల్ల వీపు, నడుము, తొడలు ఫోమ్ కౌగిట్లో ఉండిపోతాయి. గాలి తగలాల్సిన చర్మం మూసుకుపోతుంది. చలిదేశాల్లో అది వరం. మనకు ఉక్క. మెమరీ ఫోమ్ పరుపుల్లో జెల్ కలపడం మొదలైంది ఈ ఫిర్యాదు తగ్గించడానికే.

రబ్బరు పాలతో చేసే లేటెక్స్ పరుపు కొంత నయం. అందులో నిలువునా రంధ్రాలుంటాయి కాబట్టి గాలి ఆడుతుంది. స్ప్రింగు పరుపులో మధ్య అంతా ఖాళీయే కాబట్టి గాలి కదులుతుంది. అయితే ఏ పరుపుకైనా పైన మందపాటి ఫోమ్ పొర వేస్తే కింద ఎన్ని రంధ్రాలున్నా లాభం తక్కువ.

కోనసీమ డొక్కలే పరుపులై...

గాలి ఆడే పరుపు కావాలంటే గోదావరి వాసులు దూరం పోనక్కర్లేదు. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి ఒలిచిన చోట గుట్టలుగా కనిపించే డొక్కల్లోనే ఉంది దాని ముడిసరుకు. వెయ్యి డొక్కల నుంచి సుమారు 80 కిలోల పీచు వస్తుంది. కొబ్బరి పీచులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం చాలా ఎక్కువ. చెక్కకి గట్టిదనం ఇచ్చేది కూడా అదే. తడిసినా పీచు త్వరగా కుళ్లకపోవడానికి, నలిగినా మళ్లీ లేవడానికి కారణం అదే.

డొక్కల్ని తడిపి యంత్రంలో వేస్తే పీచు ఒకవైపు, పొట్టు ఒకవైపు వస్తాయి. పొట్టు నర్సరీల్లో మొక్కల కుండీలకి పనికొస్తుంది. పీచును ఎండబెట్టి, గట్టి తాడుగా మెలిపెట్టి కొన్నాళ్లు అలాగే ఉంచుతారు. తరవాత విప్పితే ఉంగరాలు తిరిగిన జుట్టులా వస్తుంది. ఒక్కో పీచూ ఓ చిన్న స్ప్రింగు అన్నమాట. ఆ పీచును పరిచి, రబ్బరు పాలు చల్లి, అదిమి, వేడిచేస్తే పీచులు కలిసే చోట్ల రబ్బరు అతుక్కుంటుంది. మధ్యలో అంతా ఖాళీ. అదే రబ్బరైజ్డ్ కాయర్. అందులోంచి గాలి ధారాళంగా పోతుంది, చెమట తడి నిలవదు.

కొబ్బరి పీచు పరిశ్రమ కోసం కేంద్రం 1953లో ప్రత్యేక చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన కాయర్ బోర్డుకి రాజమహేంద్రవరంలో ప్రాంతీయ కార్యాలయం ఉంది. 1960ల్లో కర్ణాటక, కేరళల్లో మొదలైన సంస్థలు ఈ పీచు పరుపులను దేశమంతా ఇంటింటికీ చేర్చాయి. తరవాత ఫోమ్ హవా మొదలయ్యాక 'కాయర్ అంటే గట్టిది, పాతది' అనే పేరు పడిపోయింది. ఇక్కడి పీచు బేళ్లుగా కట్టి బయటికి పోతుంటే, బయటి నుంచి వచ్చిన ఫోమ్ పరుపు మన ఇళ్లలోకి చేరుతోంది.

అలాగని కాయర్‌లో లోపాలు లేకపోలేదు. ఏళ్లు గడిచేకొద్దీ నడుము దగ్గర గుంట పడుతుంది. వానాకాలంలో తేమ పట్టి, ఎండ చూపించకపోతే ముతక వాసన వస్తుంది. కొందరికి రబ్బరు పాలు పడవు. ఇక 'ఎంత గట్టిదైతే నడుముకి అంత మంచిది' అన్నది కూడా పూర్తి నిజం కాదు. చాన్నాళ్లుగా నడుం నొప్పి ఉన్న 313 మందిపై స్పెయిన్‌లో చేసిన పరిశోధన 2003లో 'లాన్సెట్' వైద్యపత్రికలో వచ్చింది. మరీ గట్టి పరుపు కంటే మధ్యస్థంగా ఉన్న పరుపు మీద పడుకున్న వాళ్లకే ఉపశమనం ఎక్కువ కలిగిందని తేలింది. అందుకే కాయర్ మీద ఓ అంగుళమో, రెండంగుళాలో రంధ్రాలున్న లేటెక్స్ వేసిన పరుపులు మన వాతావరణానికి సరిపోతాయి.

పెద్దల లెక్క తప్పలేదు

నులక మంచం సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. అల్లిక సందుల్లోంచి కింది గాలి వీపుకి తగులుతుంది. వేడి, చెమట రెండూ ఎటూ ఆగవు. ఎండాకాలం రాత్రి ఆరుబయట, డాబా మీద నులక మంచం వేసుకోవడం వెనకున్నది ఈ లెక్కే. తుంగ చాప కూడా అంతే. నున్నటి పుల్లలు ఒంటికి అంటుకోవు, చెమట పీల్చుకుని బరువెక్కవు. పరుపు మీద చాప పరుచుకుని పడుకునే అలవాటు మన పల్లెల్లోనే కాదు, చైనాలోనూ ఉంది. అక్కడ వేసవి వస్తే పరుపుల మీద వెదురు చాపలు వేస్తారు.

బూరుగు దూది పరుపుదీ ఒక కథే. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనంలాంటి పూత ఉండటంతో నీటిని త్వరగా పీల్చదు. కొత్తలో తేలిగ్గా, పొడిగా ఉంటుంది. కానీ వాడగా వాడగా అణిగిపోతుంది. మామూలు పత్తి పరుపైతే చెమటనూ పట్టి ఉంచుతుంది. అందుకే ఏటా పరుపు విప్పి, దూదేకులవాళ్ల చేత ఏకించి, ఎండబెట్టి మళ్లీ కుట్టించేవారు. విల్లు తీగ టింగుటింగుమంటుంటే దూది పువ్వులా విచ్చుకునేది. ఆ పని చేసేవాళ్లు తగ్గిపోయారు. ఏకించని దూది పరుపు వేసవిలో వేడి పలకే.

కొనేముందు...

* ముందు మీ గది సంగతి చూసుకోండి. రాత్రంతా ఏసీ వేసుకునే గదికి జెల్, మైనం పొరలున్న పరుపు కొంత పనికొస్తుంది. ఫ్యాను మాత్రమే ఉన్న గదికి ఆ డబ్బు దండగ. అక్కడ గాలి ఆడే పరుపే కావాలి.

* అరచెయ్యి పెట్టి చూసి నిర్ణయించకండి. కనీసం పావుగంట వెల్లకిలా పడుకుని, తరవాత వీపు ఎలా ఉందో చూసుకోండి.

* లోపల ఏముందో అడగండి. 'కాయర్ పరుపు' అని అమ్మేవాటిలో పైన మందంగా ఫోమ్ ఉండొచ్చు. ఏ పొర ఎన్ని అంగుళాలో బిల్లు మీద రాయించుకోండి. జిప్పు ఉంటే తీసి చూపించమనండి.

* పై గుడ్డ నూలుదైతే మంచిది. నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమని మామూలుగానే పట్టుకోగలదు. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు.

* మంచం కూడా పరుపులో భాగమే. అడుగున ప్లైవుడ్ పలక పరిచిన బాక్సు మంచం మీద ఎంత మంచి కాయర్ పరుపు వేసినా కింద గాలి ఆడదు. పట్టీల మంచం నయం. ప్లైవుడ్ ఉంటే దానికి రంధ్రాలు వేయించండి.

ఉన్న పరుపుతోనే...

కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు, అవసరమూ ఉండదు. ముందు పరుపు మీద రెక్సిన్ లేదా ప్లాస్టిక్ కవరుంటే తీసెయ్యండి. చెమటని అణువంత కూడా దిగనివ్వనిది అదే. పసిపిల్లలకో, మంచాన పడ్డవాళ్లకో తప్పదనుకుంటే అవసరమైన మేరకు చిన్న ముక్క వేసి, దానిపైన నూలు దుప్పటి మడిచి పరవండి. పరుపు మీద తుంగ చాప, దానిమీద పలచటి నూలు దుప్పటి వేస్తే వేసవిలో తేడా వెంటనే తెలుస్తుంది. పదిహేను రోజులకోసారి పరుపును గోడకి నిలబెట్టి రెండువైపులా గాలి తగలనివ్వండి. కాయర్, దూది పరుపులకి ఎండ చూపించండి. లేటెక్స్‌కి మాత్రం నీడే మంచిది, ఎండకి పెళుసెక్కుతుంది.

పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేస్తే నిద్ర సగటున పది నిమిషాలు ముందుగా పడుతుందని 2019లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చెప్పారు. చర్మంలో రక్తనాళాలు విప్పారి లోపలి వేడి బయటికి పోవడమే కారణం. ఏసీ ఉన్నవాళ్లు 18 డిగ్రీలు పెట్టి దుప్పటి కప్పుకోనక్కర్లేదు. 2020 నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా నిబంధన ఉంది. దానికి ఫ్యాను కూడా తోడైతే సరిపోతుంది.

ఇంట్లో పెద్దవాళ్ల విషయంలో మాత్రం పరుపు మీదే భారం వెయ్యకూడదు. వయసు పెరిగేకొద్దీ చెమట పట్టే శక్తి, దాహం తెలిసే గుణం రెండూ తగ్గుతాయి. వేడి రాత్రుల్లో వాళ్ల పక్కన మంచినీళ్ల చెంబు ఉండాలి. పడక పై అంతస్తులోని శ్లాబు గదిలో కాకుండా కింది గదిలో ఉండాలి. కిటికీకి ఎదురుగా మరో కిటికీ తెరిచి ఉండాలి. పరుపుల దుకాణానికి వెళ్లేముందు ఒక రాత్రి వాళ్ల మంచాన్ని ఆ గాలి దారిలోకి జరిపి చూడండి. పైసా ఖర్చు లేని పని అది.